సూది కింది గౌను

శామీర్‌పేట,
సెప్టెంబరు, ఆదివారం సాయంత్రం.

చిరంజీవి అంకితకు కెజియా ముద్దులతో రాస్తున్న ఉత్తరం.

దేవుని దయవల్ల ఇక్కడ అవ్వ, మీ నాయిన, నేను బాగున్నాం. మెట్ల కింద పిల్లల్ని పెట్టిన నీ తెల్ల పిల్లి మా అందరికంటే బాగుంది. అక్కడ నువ్వూ నీ స్నేహితురాళ్లూ జలుబులు లేకుండా ఉన్నారని తలుస్తాను. వారానికోసారి హాస్టల్ ఫోను దొరికినా, వెనక వరుసలో అమ్మాయిలు "జల్దీ, జల్దీ" అంటుంటే మనిద్దరం "తిన్నావా", "తిన్న" దాటి ఏమీ మాట్లాడుకోలేం. ఇంటికి ఉత్తరాలు రాయడం మీ చేత మొదలుపెట్టించిన తెలుగు టీచరుకు నా తరఫున ఒక దండం పెట్టు.

వానలు బాగా పడ్డాయి. చెరువు నిండింది. పక్కింటి గాలయ్య తాత రోజూ చేపలు తెచ్చి ఇస్తున్నాడు. అవ్వ పులుసు పెట్టినప్పుడల్లా "తల్కాయ ముక్క పిల్లది, ఎవలు ముట్టొద్దు" అని గిన్నెలో వదిలేస్తుంది. మర్నాటికి దాన్ని మీ నాయినే తింటాడు. నేను చూడలేదనుకుంటాడు.

ఇక నీ ప్రశ్నలకు వస్తాను. "మా ఆంటీ నడుస్తున్న కంప్యూటర్‌లకెల్లి మెమరీ బయటికి తీస్తది" అని చెప్తే క్లాసంతా నవ్విందనీ, ముందు స్విచ్ ఆపాలని మీ సారు కూడా అన్నాడనీ రాశావు. సారు తప్పు చెప్పలేదు. ఇంట్లో ఉండే కంప్యూటర్ నడుస్తుండగా అందులోని ర్యామ్, అంటే మెమరీ పలక, లాగితే అది అక్కడికక్కడే చస్తుంది. మేడ్చల్‌లో మా ల్యాబ్‌లో పరీక్షించేవి పెద్ద పెద్ద సర్వర్లు. ఆసుపత్రులు, బ్యాంకులు వాడేవి, ఆపడానికి వీల్లేనివి. వాటిలో ఒక ర్యామ్ పాడైతే నడుస్తుండగానే మార్చాలి. ఆ మార్పును దగ్గరుండి చేయించేది కెర్నెల్, అంటే కంప్యూటర్‌లో ఎవరికి ఎంత చోటో పంచిపెట్టే పెద్దమనిషి. నవ్విన వాళ్లందరికీ ఈ ముక్క చదివి వినిపించు.

అది ఎలా చేస్తుందో చెప్పడానికి నీ ఉత్తరంలోనే పోలిక దొరికింది. మీ గదికి సున్నం వేశారని రాశావు కదా. వార్డెన్ మేడమ్ ముందుగా ఆ గదిలోకి కొత్తవాళ్లను పంపడం ఆపింది. తర్వాత ఒక్కొక్కరి పెట్టె, పరుపు వేరే గదుల్లోకి చేర్పించి, ఎవరెక్కడున్నారో తన పుస్తకంలో మార్చి రాసుకుంది. మీ నాయిన వచ్చి "అంకిత" అంటే చాలు, నువ్వు వచ్చేస్తావు. గది మారిన సంగతి ఆయనకు తెలియనే తెలియదు. కెర్నెల్ కూడా మెమరీని గదులుగా విడగొట్టుకుంటుంది. తీయాల్సిన గదిలోకి కొత్తగా ఏదీ రానివ్వదు. లోపలి సమాచారం పేజీలుగా ఉంటుంది. ఒక్కో పేజీని వేరే గదిలోకి నకలు చేసి, చిరునామాల పట్టికలో దాని కొత్త చోటు రాస్తుంది. ప్రోగ్రాములు మాత్రం పాత చిరునామాతోనే అడుగుతాయి, వాటి వస్తువు వాటికి దొరుకుతుంది. గది మొత్తం ఖాళీ అయ్యాకే అక్కడికి కరెంటు ఆగుతుంది, పక్కనున్న చిన్న లైటు రంగు మారుతుంది. అప్పుడే చెయ్యి పెట్టాలి.

నా పక్క సీటు భానుప్రకాశ్‌కు ఓపిక తక్కువ. నాకేదో ఎక్కువని కాదు. మొన్న లైటు మారకముందే లాగేశాడు. సర్వర్ కొయ్యబారిపోయింది.

"ఖాళీ అయిందనుకున్న మేడమ్. ఒక్క పేజీ మిగిలిందని సూపెట్టింది, గంతే," అన్నాడు.

"గా ఒక్కటి ఎవలదో వాళ్లు అడగడానికొస్తే ఏం జెప్తవ్?" అన్నాను.

ఎందుకంటే కొన్ని పేజీలు కదలవు. కెర్నెల్ తను కూర్చున్న పేజీలను తను కదపలేదు. అందుకే తీసి పెట్టాల్సిన గదుల్లో మొదటి నుంచీ కదిలేవాటినే కూర్చోబెడతారు. అయినా ఒక్కోసారి బయటి కంప్యూటర్లతో మాట్లాడే ఏ నెట్‌వర్క్ కార్డో ఒక పేజీని పట్టుకుని నేరుగా అందులోకి రాస్తూ ఉంటుంది. పట్టుకున్నవాళ్లు వదిలేదాకా దాన్ని కదపకూడదు. కెర్నెల్ ఆగుతుంది, మళ్లీ చూస్తుంది, ఇంకోసారి చూస్తుంది. అప్పటికీ వదలకపోతే, తీయమన్న వాళ్లకు "ఇప్పుడు కుదరదు" అని చెప్పి తలుపు తెరిచేస్తుంది. గది ఎప్పటిలాగే వాడుకలోకి వస్తుంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా నాకు కెర్నెల్‌లో అన్నిటికంటే నచ్చేది ఈ గుణమే. బలవంతంగా లాగదు.

నీ ఆఖరి ప్రశ్నను దాటేసి ఇంత దూరం వచ్చానని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. కాగితం అడుగున సన్నటి అక్షరాలతో రాశావు: "అమ్మ కుట్టుమిషన్ కిటికీ దగ్గర్నే ఉన్నదా? లేకుంటే దసరా సెలవులకు నేను కుత్బుల్లాపూర్ అమ్మమ్మ ఇంటికే పోత." ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఈసారి రానని కూడా అన్నావు. ఉంది బిడ్డా, అక్కడే ఉంది. కానీ పోయిన ఆదివారం అది ఒక అడుగు కదిలింది. దాని చోట ఇంకొకటి పెట్టాలనుకున్నాం. ఏమిటన్నది చెబుతాను, కాస్త ఆగు. రాయడానికి నాకు భయంగా ఉంది.

చర్చి నుంచి వచ్చాక మీ నాయిన గాలయ్య తాతను పిలిచాడు. "కాకా, జర ఓ చెయ్యెయ్యి. గీ మిషన్ ఎనక రూంల పెట్టాలె," అన్నాడు.

అవ్వ మంచం మీది నుంచే కసిరింది. "దాన్నెందుకు కదిలిస్తున్నవ్‌ రా ఫిలిప్? అదేమన్న నిన్ను బువ్వ అడుగుతాందా?"

ఇద్దరూ చెరో పక్క పట్టుకుని లాగారు. పైన కప్పిన పాత దుప్పటి జారి పడింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ దుప్పటి పైపైన దులపడమే కానీ, తీసి కింద ఏముందో నేనెప్పుడూ చూడలేదు. మీ అమ్మ రోజీ అక్క వస్తువు, నాకెందుకని. ఇప్పుడు చూశాను. పసుపు పూల గౌను, చిన్నది. ఒక చెయ్యి కుట్టడం అయిపోయింది. రెండోది సగంలో ఉంది. సూది గుడ్డలోకి దిగి అలాగే ఆగిపోయి ఉంది. దారం ఇంకా రీలుకే ఉంది.

"ఆగుండ్రి," అన్నాను.

మీ నాయిన దాని వైపు సరిగ్గా చూడలేదు. "సూది లేపి గుడ్డ తీసెయ్యి. బీరువాల దాద్దాం. గంతే గదా," అన్నాడు. గొంతు మాత్రం అంతే అన్నట్టు లేదు.

చక్రం మీద చెయ్యి వేశాను. కొంచెం తిప్పితే చాలు, సూది పైకి వచ్చేస్తుంది. చెయ్యి వెనక్కి తీసేశాను. "దీన్ని పట్టుకున్న పిల్ల హాస్టల్ల ఉన్నది. అది ఇడిసిపెట్టేదాంక మనం లాగొద్దు," అన్నాను.

"ఎత్తాల్నా, దించాల్నా బిడ్డా? నా నడుము పోతాంది!" అన్నాడు గాలయ్య తాత.

"ఏడిదాడనే పెట్టు కాకా," అన్నాడు మీ నాయిన. నేల మీద మిషన్ కాళ్ల గుర్తులు ఉన్నాయి. సరిగ్గా ఆ గుర్తుల్లోనే దించారు. తర్వాత ఆయన దాని ముందున్న స్టూలు మీద కూలబడి, "గా దుప్పటి నేనే కప్పిన కెజియా. కింద ఏమున్నదో సూడబుద్ధి కాలే," అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అవ్వ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి గౌను నిమిరి, "క్రిస్మస్‌కు కుడుతుండె పిల్లకు, గంతల్నే పానం పాయె," అంది. అది అక్కడుందని నీకు ముందే తెలుసు కదూ అంకితా? తెలిసే ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావని నాకు అప్పుడు తట్టింది.

ఇక దాచను. కిటికీ దగ్గర పెట్టాలనుకున్నది ఉయ్యాల. నీకు తమ్ముడో చెల్లెలో రాబోతున్నారు. ఫిబ్రవరిలో అని డాక్టరమ్మ చెప్పింది. పోయిన ఉత్తరంలోనే రాయాలని కూర్చుని, పిల్లి గురించి రాసి అంటించేశాను. ఫోనులో చెప్పెయ్యమని మీ నాయిన పోరుపెట్టాడు. ఆ జల్దీ జల్దీల మధ్య చెప్పే మాట కాదని నేనే ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే, నీ చోటు పోయిందనుకుని నువ్వు ఈ ఇంటి మొహం చూడవేమోనని హడలిపోయాను. ఇంత సంతోషం వచ్చిందా, నువ్వు లేకపోతే అది నా గొంతు దిగడం లేదు.

నీ చోటు ఎక్కడికీ పోలేదు. ఉయ్యాలకు చోటు కావాలని ఆ రోజే మా గదిలోని నా కంప్యూటర్ బల్లను వంటింటి పక్కకు మార్చేశాను. నేను కదిలే రకం, ఎక్కడ కూర్చున్నా నా పని నడుస్తుంది. తీరా అవ్వ చూసి పకపకా నవ్వింది. "ఊయలకు నేలెందుకే? కొక్కెం సాలు. నా పాత చీర కడితే పాయె. మీ ఆయన గా చీర ఊయల్లనే పెరిగిండు," అంది. ఇప్పుడు మా గదిలో స్లాబుకు కొక్కెం ఉంది, దాని కింద అక్కర్లేని ఖాళీ ఉంది, నా బల్ల మాత్రం పోపు వాసనల మధ్య ఉంది.

గౌను సంగతి నీ ఇష్టం. వచ్చి సూది పైకి లేపినా సరే, అలాగే ఉంచమన్నా సరే. మిగిలిన సగం చెయ్యి నువ్వే కుడతానంటే అవ్వ నేర్పుతుంది. నన్ను మాత్రం అడగకు, నాకు గుండీ కుట్టడం కూడా రాదు. ఏమీ చెయ్యకపోయినా మిషన్ కిటికీ దగ్గరే ఉంటుంది. నువ్వు మాత్రం రా. చేప తలకాయ ఈసారి నీకే దక్కేలా మీ నాయినను నేను కాపలా కాస్తాను.

ఇంకొకటి చెప్పడం మరిచాను. నడుస్తున్న సర్వర్‌లో కొత్త ర్యామ్ పెట్టినప్పుడు కెర్నెల్ దాన్ని గుర్తుపడుతుంది, ఎంత ఉందో రాసుకుంటుంది. కానీ మా సర్వర్లలో "ఇక వాడుకో" అని ఎవరైనా చెప్పేదాకా దానికి ఏ పనీ ఇవ్వదు. అది పాతదాని చోటులోకి పోదు. తన ఖాళీలో తను ఊరికే కూర్చుని ఉంటుంది. మొదట్లో దాన్ని చూస్తే నాకు జాలేసేది, ఇప్పుడు అలవాటైంది. నువ్వు ఆంటీ అన్నావు, పలికాను. ఇక ముందు కూడా పలుకుతాను. ఉత్తరం చివర సంతకం ముందు చుట్టరికం రాయాలని మీ టీచరు చెప్పిందట కదా. ఆ మాట నాకు నేనే రాసుకుంటే లైటు మారకముందే చెయ్యి పెట్టినట్టు అవుతుంది. అందుకని కింద చోటు వదిలాను. నీకు ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడు, ఏది రాయాలనిపిస్తే అది రాయి. నాకు తొందర లేదు.

ఇట్లు,
నీ . . . . . . . . . . . .
కెజియా