కంకణానికి దాచిన ఉన్ని

మిర్యాలగూడ,
సోమవారం.

అమ్మకు నీ పెద్దబిడ్డ ఉమారాణి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమందరం బాగున్నాం. పెన్‌పహాడ్‌లో నీ మోకాళ్ళ నొప్పీ, నాయన ఆయాసమూ కాస్త తగ్గాయనే అనుకుంటున్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటని అనుకుంటావేమో. ఫోనులో నీకు వినపడాలంటే అరవాలి. ఇది అరిచి చెప్పే మాట కాదు. పెళ్ళిబట్టలు కొనడానికి వచ్చిన తమ్ముడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించాను, సతీష్ చదవడులే.

నువ్వడిగిన వాటికి ముందు జవాబు చెబుతాను. మీ అల్లుడికి దగ్గు తగ్గింది. రైసుమిల్లులో ముక్కుకు రుమాలు కట్టుకోమంటే సిగ్గంట, రోజూ తిట్టి నేనే కట్టి పంపుతున్నాను. మురుకులన్నీ మీ మనవడు సాయితేజ ఒక్కడే ఖతం చేశాడు. ఇంటికి సున్నాలేస్తున్నారని నా దగ్గర దాచిన ఉన్ని ఎట్లా ఉందని కూడా అడిగావు. అది చెప్పడానికే కూర్చున్నాను.

మా పక్కింటి శోభక్క ఇంట్లో ఆదివారాలు ఆడవాళ్ళు చేరి ఊలు అల్లుతారు. నన్నూ రమ్మని ఎప్పటినుంచో పిలుస్తుంది. ఈ ఎండల్లో స్వెటర్లు ఎవరికని నవ్వేదాన్ని. నిన్న మొదటిసారి వెళ్ళాను. ఎవరి ఊలు వాళ్ళే తెచ్చుకోవాలట. దుకాణం దగ్గరే ఉందమ్మా, కొనుక్కోవచ్చు. గొప్పకు పోయి, బీరువాలోంచి నీ ఉండ తీసుకెళ్ళాను. చూపించి తెచ్చేద్దామనే అనుకున్నాను.

అందరివీ గులాబీ రంగు, పసుపు రంగు ఉండలు. నా నల్ల ఉండను చేతుల్లోకి తీసుకుని వాసన కూడా చూశారు. మా గొర్ల ఉన్నే, మా అమ్మ వడికింది అని చెబుతుంటే నాకెంత పొగరొచ్చిందో. శోభక్క సూదులు నా చేతిలో పెట్టి, "జర రెండు వరుసలు అల్లి సూడు, మల్ల ఇప్పుకోవచ్చు" అన్నది.

రెండు వరుసలతో నేను ఆగలేదు. అక్కడ నన్ను ఎవరూ అన్నం అడగలేదు, ఏ పనికీ పిలవలేదు. తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. మధ్యలో దారం తెగితే ముడేసి మళ్ళీ అల్లాను. తలెత్తేసరికి ఉండ అయిపోయింది.

అప్పుడు గుర్తొచ్చిందమ్మా. మనది పెళ్ళికి ఉన్ని కంకణం కట్టే కులం. అది లేకుండా తమ్ముడు పీటల మీద కూర్చోలేడు. ఆ ఉన్నికి పెళ్ళిపీటల మీద పడేదే మొదటి ముడి కావాలని నువ్వు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నావు. నాయన మంద అమ్మేశాక ఇంట్లో మిగిలిన మన గొర్ల ఉన్ని అదొక్కటే. దానికి నా చేత్తో నేనే ముడేశాను.

పొద్దున తమ్ముడు రాగానే, "అక్కా, ఉన్ని పైలంగుందా?" అని అడిగాడు. "పైలంగనే ఉందిరా" అన్నాను. వాడు నమ్మి అన్నం తిన్నాడు. వాడి ముఖం చూడలేక వంటింట్లోనే ఉండిపోయాను. అసలు ఉన్ని పాడైందన్న దానికంటే, పాడు చేస్తున్నంతసేపూ నేను అంత సంతోషంగా ఉన్నానే, అదే నన్ను ఎక్కువ కోస్తున్నది.

అల్లిన ముక్క తమ్ముడు తెచ్చే సంచిలో, నీకు కొన్న చీర కింద పెట్టాను. అరచెయ్యంత ఉంటుంది, ఒక అంచు వంకర. ముడి నడుమ ఉంది. దానికి ఇవతల ముడి లేకుండా మిగిలే దారం పేటలుగా పేనితే తమ్ముడి మణికట్టుకు చాలుతుందో లేదో నువ్వే చూడు. చాలకపోతే వాడితో నేనే చెప్పుకుంటాను, నువ్వు నా తప్పు దాచొద్దు.

కొస పట్టి లాగితే చాలు, మొత్తం ఊడొస్తుంది. రాత్రి నేనే ఊడదీద్దామని రెండుసార్లు పట్టుకున్నాను, చెయ్యి రాలేదు. సొంత తమ్ముడి పెళ్ళికంటే ఆ వంకర ముక్కే ముద్దొచ్చింది నాకు. నువ్వే లాగమ్మా.

ఇట్లు,
ముఖం చెల్లక రాస్తున్న నీ పెద్దబిడ్డ,
ఉమారాణి