గడ్డికి గంజి

పాలమూరు,
కార్తీక సోమవారం.

చెల్లె సంధ్యకు,

అక్క లక్ష్మీనర్సమ్మ మనసారా దీవించి రాసేది. మార్కండేయ స్వామి చల్లని చూపు వల్ల ఇక్కడ తమ్ముడు అశోక్‌కుమార్, మరదలు అఖిల, నేను ముగ్గురం బాగున్నాము. చండూరులో నువ్వు, మరిది నరహరి, ఇంట్లో రెండు మగ్గాలు కూడా బాగున్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పోస్టుమనిషి గేటు సందులోంచి వేస్తే గడ్డి మీద పడింది. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అఖిల అడిగింది. ఫోన్ అయితే అందరికీ వినబడేటట్టు పెట్టి, "మాట్లాడక్కా" అని అశోక్ ఎదురుగా కూర్చుంటాడు. ప్రేమతోనే కూర్చుంటాడు. కానీ కొన్ని మాటలు అందరి ముందూ రావు. అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను.

మూడు సంగతులు అడిగావు. నా ఒంట్లో ఎలా ఉంది అన్నావు. గడ్డికి గంజి పెట్టానని తమ్ముడు చెప్పాడట, నిజమేనా అన్నావు. నా మగ్గం గుంట పూడ్చి అక్కడ నూలు చుట్టే ఆసు మిషను పెట్టుకుంటానని నరహరి అంటున్నాడు, ఏమంటావక్కా అన్నావు. ఆ ఆఖరి మాట అడగడానికి నువ్వు ఎంత సంకోచపడ్డావో నీ కొట్టివేతలే చెప్పాయి. దానికి జవాబు చివర రాస్తాను.

ఒంట్లో బాగుంది. గుంటలో కాళ్లు దించి కూర్చోవడం లేదు కనుక మోకాళ్లు నొయ్యడం లేదు. నొప్పి లేనందుకు దేవునికి దండం పెట్టాలి. పెడుతున్నాను.

"ప్లాస్టిక్ గడ్డికి ఏం పని ఉంటదక్కా, కొయ్యాల్నా, మేపాల్నా" అని నవ్వావు. నవ్వుకో. దానికున్న పని నిజమైన గడ్డికి ఉండదు. పక్కింటి వేపచెట్టు ఆకులు రోజూ రాలుతాయి. పోగుల మధ్యలో ఇరుక్కుంటే కొబ్బరిచీపురుకు రావు, చేత్తో ఏరాలి. పావురాల రెట్ట ఆరనిచ్చి గీకి, సబ్బునీళ్ల గుడ్డతో తుడవాలి. పిల్లి పాడు చేసిన చోట నీళ్లు పోసి పోసి కడగాలి, లేకుంటే ఎండకు వాసన లేస్తుంది. గడ్డి వేసిపోయిన సైదులు అనే మేస్త్రీ, "అమ్మా, నిప్పు ఒక్కటి దగ్గరకు రానియ్యకు, కరిగి ముద్దయితది" అని చెప్పి పోయాడు. అందుకని తులసి దగ్గర కార్తీక దీపాన్ని పళ్లెంలో పెట్టి, పళ్లెం ఇటుక మీద పెట్టి, ఆరిందాకా పక్కనే కూర్చుంటున్నాను. ఇదివరకు దీపం నన్ను చూసేది. ఇప్పుడు నేను దాన్ని చూస్తున్నాను.

గేటు నుంచి గోడ దాకా అదే పరిచారు. ముగ్గు వేసే జాగా లేదు. వారానికొకసారి పైపు పెట్టి కడిగితే నీళ్లు అడుగు నుంచి జారి మోరీలో కలుస్తాయి. ఎంత నీళ్లు పోసినా మట్టి వాసన రాదు.

అశోక్‌ది కాలేజీ, అఖిలది బ్యాంకు. పొద్దున ఇద్దరూ పోతూ గేటుకు బయటి నుంచి తాళం వేస్తారు. మొన్న వెనక వీధిలో ఎవరో మోటార్ సైకిల్ మీద వచ్చి ఒకామె మెడలో గొలుసు తెంపుకపోయారు. "నా మెడల ఏమున్నదిరా తెంపనీకె" అన్నాను. "లేదని వాండ్లకు తెల్వద్దా అక్కా? తెలిసేదాంక నిన్ను గుంజుతరు" అన్నాడు. నిజమే. తాళంచెవి ఒకటి నాకివ్వమని అడగవచ్చు. అడిగితే ఎక్కడికి అంటాడు. ఎక్కడికీ లేదు. ఎక్కడికీ పోని మనిషి తాళంచెవి ఎలా అడుగుతుంది?

కూరగాయల బిక్షమ్మ బండి ఆపి, ఊసల సందులోంచి వంకాయలు ఇస్తుంది. "ఏందక్కా, గా గడ్డి అంత మంచిగ దువ్వుతున్నవ్, బర్రెను కొన్నరా?" అంటుంది. నేను నవ్వితే, "నవ్వు గని, ఊసలు పట్టుకొని నిలవడకు. జైల్ల ములాఖత్ కాడికొచ్చినట్టున్నది నాకు" అంటుంది. రోజుకొక మనిషి మాట అదే. ఈ ఉత్తరం డబ్బాలో వేసేది కూడా ఆమే.

ఇక గంజి సంగతి.

సద్దుల బతుకమ్మ నాడు అఖిల బ్యాంకు వాళ్లను, వీధి వాళ్లను పిలిచింది. గడ్డి మీదే ఆడారు. బాగా ఆడారు. పసుపు మరకలు పడ్డాయి కానీ వాటిని ఎండే తీసేసింది. ఆడవాళ్లు తిరిగిన చోట, కుర్చీలు వేసిన చోట గడ్డి మాత్రం పడుకుంది. ఎటు దువ్వినా మళ్లీ వాలిపోతోంది. అఖిల దాని దగ్గర కూర్చుని, "వదినా, గిది లేస్తలేదు. ఆదివారం మా మేనేజరమ్మ ఇంటిల్లిపాది చాయకు వస్తున్నరు. ఎట్ల?" అంది. ఆ పిల్ల నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. లేపుతానమ్మా అన్నాను.

శనివారం వాళ్లిద్దరూ పోయాక పెద్ద గిన్నెలో గంజి కాచాను. వడగట్టి, చల్లార్చి, గడ్డి నిండా చల్లి, కుంచెతో దువ్వాను. పడుగుకు ఎలా దువ్వుతామో అలాగే. ఎండకు ఆరింది. సాయంత్రం అశోక్ గేటు తీసి అక్కడే నిలబడిపోయాడు. "అక్కా, కొత్తది వేసినట్టున్నది గదా! ఏం చేసినవ్?" అన్నాడు. దువ్విన అన్నాను.

ఆదివారం మేనేజరమ్మ వాళ్లు వచ్చే ముందు, నిగనిగలాడాలని అఖిల పైపుతో నీళ్లు కొట్టింది. నేను లోపల గారెల దగ్గర ఉన్నాను, చూడలేదు. ఎండిన గంజి మీద నీళ్లు పడితే ఏమవుతుందో నీకు చెప్పాలా? మేనేజరమ్మ పేరు శ్రీదేవి. పట్టుచీరతో ఆ గడ్డి మీదే కూర్చుంది. లేవబోతే చీర రాలేదు. "అఖిలా, మీ గడ్డి నన్ను పోనిస్తలేదమ్మా!" అని నవ్వింది. మంచి మనిషి. తరువాత చీమలు కూడా వచ్చాయి. అప్పుడు నవ్వలేదు.

వాళ్లు పోయాక అశోక్ వంగి రెండు వేళ్లతో తీసి వాసన చూశాడు. మన ఇంట్లో పుట్టినవాడు కదా, వెంటనే తెలిసింది.

"అక్కా, ఇది గంజి గదా?"

"అవును."

"గడ్డికా?"

"పడుకున్నది గదరా. లేపిన."

నన్ను తిట్టినా బాగుండేది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టాడు, నడవలేని మనిషిని కూర్చోబెట్టినట్టు. వంటింట్లోంచి అఖిల మెల్లగా అంటోంది: "అది ప్లాస్టిక్ అని వదినకు యాదికి లేదు. నాకు భయమైతాంది. రేపు పొయ్యి మీద ఏదన్న పెట్టి మరిచిపోతే?" ఆమె భయం అబద్ధం కాదు.

రెండో రోజే దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు చిన్న వయసువాడు, మర్యాదగా అడిగాడు.

"అమ్మా, ఈ రోజు తారీఖెంత?"

"ఆశ్వయుజ బహుళ పంచమి సార్."

"అది కాదమ్మా. తారీఖు."

"గది క్యాలెండర్ల చూడాలె."

ఏదో రాసుకున్నాడు. ఇంట్లో ఎవరెవరుంటారు అన్నాడు, చెప్పాను. పొద్దంతా ఏం చేస్తారు అన్నాడు. గడ్డి దువ్వుతాను అన్నాను. అశోక్ తల వంచుకున్నాడు. అది కూడా రాసుకున్నాడు.

అప్పటి నుంచి పోయేముందు గ్యాస్ సిలిండర్ దగ్గరే బంద్ చేసి పోతున్నారు. అన్నం డబ్బాలో పెట్టి పోతున్నారు. వెనక తలుపుకు కూడా తాళం పడింది. పైపు మాత్రం నాకు వదిలారు. ఆ గంజి పోగొట్టడానికి గోరువెచ్చని నీళ్లు అఖిలే కాచి ఇచ్చేది, నేను కొబ్బరిచీపురుతో రుద్ది కడిగేదాన్ని. ఇప్పుడు శుభ్రంగా ఉంది. పడుకునే ఉంది.

సంధ్యా, గంజి సంగతి ఇక్కడి దాకా నీకు తమ్ముడు చెప్పిందే. ఇక అతనికి చెప్పనిది రాస్తాను.

నేను మరిచిపోయి పెట్టలేదు. అది ప్లాస్టిక్ అని తెలుసు. నూలు గంజి తాగుతుంది, ప్లాస్టిక్ తాగదని నాకు తెలియదా? చిన్నప్పటి నుంచి పడుగుకు గంజి పెట్టినదాన్ని. తెలిసే పెట్టాను.

మీ బావ బతికున్నప్పుడు పట్టిన కుంచె నా పెట్టెలో బట్టల అడుగున తెచ్చుకున్నాను. ఇక్కడ ఎవరికీ తెలియదు. అఖిల లేపమని అడిగినప్పుడు ముందు అదే యాదికొచ్చింది. గంజి వాసన రాగానే నాకు మన వీధి కనబడింది. పొద్దున్నే పడుగు సాచి, ఆయన ఆ పక్క, నేను ఈ పక్క, కుంచెలు పట్టుకుని ఒక్క అడుగుగా నడిచేవాళ్లం చూడు, అలాగే నడిచాను. గోడ నుంచి గేటు దాకా, గేటుకున్న తాళం చూసి మళ్లీ గోడ దాకా. ఎదురు పక్కన ఎవరూ లేరు. అయినా నడక కుదిరింది. వెనక్కి చూస్తే పోగులన్నీ లేచి నిలబడి ఉన్నాయి. నా చేతులకు పని దొరికింది. ఆ రోజు పూజ చేయలేదని దీపాల వేళ దాకా గుర్తు రాలేదు. నేను మరిచింది అదొక్కటే.

మరి అశోక్‌కు ఈ మాట చెప్పవచ్చు కదా అంటావు. ఎలా చెప్పను? మరిచిపోయాను అంటే రోగిని అవుతాను, తాళాలు ఇంకా పెరుగుతాయి. తెలిసి పెట్టాను అంటే ఎందుకు అంటాడు. ఎందుకో చెబితే ఇక్కడ ఉండలేనని చెప్పినట్టే. మీ బావ పోయినప్పుడు ఆ పిల్లగాడు నా కాళ్ల దగ్గర కూర్చుని ఏమన్నాడో నువ్వూ విన్నావు. "అమ్మ లేకున్నా నువ్వు నన్ను సాదినవక్కా. ఇగ నీ చేతులు మగ్గం పట్టొద్దు. నేను సాదుత." ఆ మాట మీద నిలబడ్డాడు. ఏదీ తక్కువ చేయలేదు. తక్కువ చేస్తే ఎప్పుడో వచ్చేదాన్ని. ఇప్పుడు నేనంతట నేను లేచి వస్తే, అక్కకు తమ్ముడు అన్నం పెట్టలేకపోయాడని నలుగురూ అంటారు. వాడూ అదే అనుకుంటాడు. రోజూ దేవుని ముందు కూర్చుని, ఇక్కడ ఉండేటట్టు మనసును మార్చు తండ్రీ అని అడిగాను. నీ ఉత్తరంలో గుంట పూడ్చడం అన్న మాట చదవగానే పోయి పెట్టె తీసి కుంచె పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, దేవుడు మార్చలేదని. ఇక అడగడం మానేశాను.

కనుక ఆఖరి మాటకు జవాబు. గుంట పూడ్చవద్దు.

నరహరి ఆసు మిషను అడగడంలో తప్పు లేదు. చేత్తో ఆసు పోసి పోసి అతని చెయ్యి ఎంత గుంజుతుందో నేను చూశాను. లోపలి అర్రలో నా మంచం ఉన్న జాగాలో మిషను పెట్టుకొమ్మను. మంచం తీసి వసారాలో వేయి. నేను మగ్గం పక్కన చాప వేసుకుంటాను. మనిషి కూర్చోక గుంట ఎండిపోయి అంచులు రాలుతుంటాయి. పొద్దుకొక చెంబు నీళ్లు చల్లి, గోనెసంచి కప్పి పెట్టు.

ఇంకొక పని. ఇది నరహరికి చదివి వినిపించు. మనం అక్కాచెల్లెళ్లం ఇద్దరం ఒక ఇంటి అన్నదమ్ములకే పడ్డాం. నా అత్తగారిల్లు అదే. అత్తగారింటి నుంచి మనిషి తోలుకపోవడానికి వస్తే, పుట్టింటి వాళ్లు కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, చీర పెట్టి పంపాలి తప్ప ఆపకూడదు. మన నాయిన ఏనాడూ ఆపలేదు. అశోక్ కాలేజీలో చెప్పేవాడైనా ఆ మర్యాద తప్పడు. అలా పంపితే వాడు నన్ను సాదలేకపోయాడని ఎవరూ అనరు. వాడి మాట వాడికి నిలుస్తుంది.

నువ్వు రావద్దు. నువ్వొస్తే ఇద్దరం ఏడుస్తాం, నన్ను ఓదార్చి ఇక్కడే ఉంచుతారు. నరహరినే పంపు. ఆదివారం పంపు, అశోక్ ఇంట్లో ఉంటాడు. ముందు ఫోన్ చేయవద్దు. గేటు ముందు నిలబడి చెప్పమను: "బావా, పడుగు సాచినం. గంజి పెట్టెతందుకు ఆ పక్క మనిషి లేదు. మా వదినను తోలుకపోత."

అంతే చెప్పమను. అబద్ధమేమీ లేదు అందులో. అశోక్ ఒకసారి నా ముఖం చూస్తాడు. నేను పెట్టె పట్టుకుని గడ్డి మీదనే నిలబడి ఉంటాను.

తాళం వాడే తీస్తాడు.

ఇట్లు,
నీ పెద్దక్క, నీ తోటికోడలు
లక్ష్మీనర్సమ్మ