నిచ్చెన బండి కోసం వదిలేసిన నిబంధన

శ్రీయుత రోలండ్ స్టూబెన్ గారికి,
అగ్నిమాపక దళాధిపతి మరియు ఇళ్ల నిర్మాణ అగ్ని నిబంధనల అధికారి,
ఆల్డర్ క్రాసింగ్, ఇలినాయ్.

సెప్టెంబరు 19, శుక్రవారం

అయ్యా,

విషయం: కొత్తగా కట్టే ప్రతి ఇంటి కప్పులోనూ మంట మీద నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండి తీరాలన్న నిబంధనను సడలించి, కోరుకున్నవారు మాత్రమే పెట్టించుకునేలా మార్చమని తమరు ఊరి కౌన్సిలుకు రాసిన సిఫారసు లేఖను, వచ్చే మంగళవారం సాయంత్రం ఏడు గంటలకు జరిగే రెండో ఓటింగులోగా వెనక్కి తీసుకోవలసిందిగా కోరుట గురించి.

పై విషయమై, తమ దళంలో అయిదేళ్లుగా జీతం లేకుండా పనిచేస్తున్న వాలంటీరు ఎమ్మెట్ క్రౌస్ అను నేను, వయస్సు ఇరవై మూడు, వృత్తి టైర్ల షాపులో పని, ఈ కింది అంశాలను తమ దృష్టికి తెస్తున్నాను. ఇవి తమకు తెలియనివి కావు. చాలావరకు తమరు నాకు నేర్పినవే. నోటితోనే చెప్పాలని బుధవారం స్టేషనుకు వచ్చాను. తమరు “బండి కింద ఏదో కారుతోంది చూడరా” అని నన్ను కిందికి దూర్చి, నేను బయటికి వచ్చేలోగా ఇంటికి వెళ్లిపోయారు. కింద ఏమీ కారడం లేదు. అందువల్ల కాగితం మీద పెడుతున్నాను.

1. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు స్టేషను అటక మీద నుంచి తమరే ఒక అట్టపెట్టె దించి నా చేతిలో పెట్టారు. నిండా కరపత్రాలు. “కాలేజీకి పోనన్నావుగా, ఇదే నీ కాలేజీ” అన్నారు. చదివాను. షాపులో టైర్ల దొంతర మీద కూర్చుని, మధ్యాహ్నం రొట్టె తింటూ చదివాను. ఇప్పటి ఇళ్ల నేలలు పలచటి చెక్క దూలాల మీద నిలబడతాయని, మంట తగిలితే పాత ఇళ్లకన్నా త్వరగా కూలతాయని అందులో ఉంది. సోఫా అంటుకున్నాక కొద్ది నిమిషాల్లోనే గదంతా ఒక్కసారిగా భగ్గుమంటుందని ఉంది. స్ప్రింక్లర్లు సినిమాల్లోలాగా ఇల్లంతా ఒకేసారి కురవవని, వేడి తగిలినదొక్కటే విచ్చుకుని మంటను అక్కడే పట్టి ఉంచుతుందని ఉంది. వీటిలో ఒక్క అక్షరం అబద్ధమైనా తమరు ఇప్పుడే చెప్పాలి. నా అయిదేళ్లు తిరిగి ఇవ్వలేరు గాని, చెప్పాలి.

2. జూలైలో సంత మైదానంలో రెండు ప్లైవుడ్ గదులు పక్కపక్కన కట్టాం. మేకులు నేను కొట్టాను. రెండింటిలోనూ సోఫా, కిటికీ తెర, చెత్తబుట్ట. ఒక సోఫా తమ ఇంటి హాల్లోది. శ్రీమతి స్టూబెన్ గారు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతున్నారు. స్ప్రింక్లరు ఉన్న గదిలో మంట నిమిషం లోపే చచ్చింది. లేని గది నాలుగు నిమిషాలకు గది కాదు, పొయ్యి. అప్పుడు తమరు మైకు తీసుకుని ఏమన్నారో నాకు కంఠతా వచ్చు:

“మేం స్టేషనుకు చేరి, బండెక్కి, మీ గుమ్మం ముందుకు వచ్చేసరికి తొమ్మిది నిమిషాలు. ముప్పై ఏళ్లుగా మీ ఇళ్లకు నేను ఆలస్యంగానే వస్తున్నాను. ఆ సంగతి మీకెవరూ చెప్పలేదు, నేను చెబుతున్నాను. కప్పులో ఉన్నవాడు నాకన్నా ముందు వస్తాడు. వాణ్ణి పెట్టుకోండి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిబంధన ఖాయం కావడానికి కావలసిన రెండు ఓటింగుల్లో మొదటిది ఆగస్టులో జరిగితే, కౌన్సిలులో అయిదుగురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ రోజు తమరు నా భుజం మీద చెయ్యి వేసి నడిచారు.

3. ఆ తరువాత పదిహేను రోజులకు, తూర్పు పొలాల్లో కొత్త కాలనీ వేస్తున్న, నిబంధన వస్తే ఇంటింటికీ ఖర్చు పెట్టవలసిన కంపెనీ తరఫున గార్త్ ఫెన్నల్ గారు డోనట్ల డబ్బాతో స్టేషనుకు వచ్చారు. డోనట్లు నేనూ తిన్నాను, దాచను. వారం తిరక్కుండానే ఆ కంపెనీ మన దళానికి నిచ్చెన బండి విరాళం ఇస్తోందని తెలిసింది. వాడిన బండే, రంగు కొత్తది. నిచ్చెన నూరడుగులు. ఈ ఊళ్లో ధాన్యం గోదాము, లూథరన్ చర్చి శిఖరం తప్ప రెండంతస్తులు దాటి లేచినది లేదు. ఆ రెండూ ఇంతవరకు అంటుకోలేదు.

4. పగటిపూట గంట మోగితే వచ్చేది ముగ్గురం. తమరు, నేను, స్కూలు బస్సు నడిపే గస్. ఆ బండి పనిచేయాలంటే నలుగురు కావాలి.

5. గత ఆదివారం ఆనవాయితీ ప్రకారం కొత్త బండికి స్నానం చేయించాం. పక్క ఊళ్ల దళాలు వచ్చి గొట్టాలతో నీళ్లు కొట్టాయి. తువ్వాళ్లతో తుడిచి, అందరం చేతులు ఆనించి వెనక్కి షెడ్డులోకి తోశాం. నేనూ తోశాను. లేఖ సంగతి అప్పటికి నాకు తెలియదు. బండి పొడవుకు షెడ్డు చాలక మూతి వీధిలో మిగిలింది. “మంచం చాలక కాళ్లు బయట పెట్టి పడుకునే మా బావమరిదిలా ఉంది” అన్నాడు గస్. తమరు కూడా నవ్వారు. కంపెనీవారే షెడ్డు పొడిగించి ఇస్తారని చెప్పి గోడకు ప్లాను అంటించారు. జనం బార్బెక్యూ చికెన్ దగ్గరికి పోయాక నేను ఆ ప్లాను చదివాను. పెద్ద కట్టడాల నిబంధన ప్రకారం ఆ షెడ్డు కప్పులో స్ప్రింక్లర్లు ఉన్నాయి. నాలుగు వరసలు.

బండి పడుకునే గదికి కప్పులో నీళ్లు ఉంటాయి. మనుషులు పడుకునే గదికి, కోరుకుంటేనే.

6. లేఖ సంగతి సోమవారం వాండా హాల్వర్సన్ చెప్పగా తెలిసింది. ఈమెను తమకు పరిచయం చేయనక్కర్లేదు, కాని కౌన్సిలువారికి కూడా నకలు పంపుతున్నాను గనక రాస్తున్నాను. పదకొండేళ్లు తమ పక్కన నిలబడి గొట్టం పట్టిన మనిషి. నాలుగేళ్ల కిందట, కట్టి రెండేళ్లు కూడా కాని ఇంట్లో, వంటగది నేల ఆమె కాళ్ల కింద విరిగి, మండుతున్న కింది గదిలో పడింది. తమరు, నేను కలిసి పైకి లాగాం. అప్పటి నుంచి చక్రాల కుర్చీలో ఉంటూ స్టేషను ఆఫీసు పని చూస్తోంది. మెట్లున్న పాత ఇల్లు అమ్మి, కొత్త కాలనీలో తొమ్మిదో నంబరు ప్లాటులో ఒకే అంతస్తు ఇంటికి ఒప్పందం రాసుకుంది. నిబంధన వస్తోందన్న ధైర్యంతోనే రాసుకుంది. ఆ ధైర్యం ఇచ్చింది తమరు.

ఆ నిబంధనను తీసేయమన్న లేఖను తమరు ఆమె చేతే టైపు చేయించారు. ఇది నమ్మకద్రోహం.

“నువ్వెందుకు చేశావు?” అని అడిగాను.

“టైపు చెయ్యడం నా పని కాబట్టి. సంతకం నాది కాదుగా” అంది. “చెబుతున్నంతసేపూ నా మొహం వంక చూడలేదురా. కిటికీ వంక చూశాడు. ‘కోరుకున్నవారు పెట్టించుకోవచ్చును’ అన్నాక మంచినీళ్లు తెచ్చిపెట్టమన్నాడు.”

“తెచ్చావా?”

“తెచ్చాను. దాహం వేసిన మనిషిని ఏం చేస్తాం?”

7. “కోరుకున్నవారు” అనే మాటను మొన్న మంగళవారం నేను, వాండా పరీక్షించి చూశాం. కాలనీ అమ్మకాల ఆఫీసులో కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదస్థురాలు.

“తప్పకుండా పెట్టించుకోవచ్చండి. కాకపోతే వీధి నుంచి ఇంటికి వచ్చే నీళ్ల గొట్టం అంగుళానిది ఉండాలి. మావాళ్లు ముప్పావు అంగుళానివి వేస్తున్నారు.”

“నాకు అంగుళానిది వెయ్యమ్మా” అంది వాండా.

“ఒక్క ఇంటికి వేరేగా వెయ్యరండీ. కౌన్సిలు అందరికీ వెయ్యాలంటే అందరికీ వేస్తారు.”

“నేను కోరుకుంటున్నానుగా.”

“అవునండీ, కోరుకోవచ్చు” అంది ఆ అమ్మాయి. వెక్కిరింపు లేదు. వాండాకు కాఫీ కూడా ఇచ్చింది.

కందకాలు తవ్వి ఉన్నాయి. వచ్చే బుధవారం గొట్టాలు దించి పూడుస్తారు. మంగళవారం ఓటు, బుధవారం మట్టి. పూడ్చాక తమరు మనసు మార్చుకున్నా, ఇంకో సంతలో ఇంకో సోఫా కాల్చినా, తొమ్మిదో ప్లాటుకు సరిపడా నీళ్లు రావు.

8. నిన్న హోటల్లో తమరు ‘ఆపిల్ పై’ మిఠాయి తింటుండగా దొరికారు. అక్కడ జరిగిన సంభాషణ రికార్డు నిమిత్తం:

“కూర్చో. ఓ ముక్క తిను.”

“వద్దు. లేఖ వెనక్కి తీసుకోండి చీఫ్.”

“బండి కొనడానికి పన్ను వేద్దామని రెండుసార్లు ఊరి ఓటుకు పెట్టామురా. రెండుసార్లూ ఈ ఊరు మన మొహాన తలుపు వేసింది. పాత బండి పంపు ఎప్పుడు ఆగిపోతుందో దేవుడికి తెలియాలి. నన్నేం చెయ్యమంటావు?”

“అందుకని నిబంధనను ఇచ్చేస్తారా?”

“కప్పులో గొట్టాన్ని చూసి ఏ కుర్రాడూ దళంలో చేరడు. బండిని చూసి చేరతాడు. మనుషులు లేకపోతే ఏం నిబంధన, ఏం దళం? నువ్వెందుకు చేరావు, చెప్పు.”

నాలుగేళ్ల వయసులో ఊరేగింపు చూస్తుంటే బండి మీద నుంచి తమరు విసిరిన చాక్లెట్టు నా నుదుటికి తగిలింది. అందుకు చేరాను. అది తమకు తెలుసు. నిజమైన మాటను పట్టుకుని మనిషి నోరు మూయించవచ్చని నాకు తెలియదు. ఏ కరపత్రంలోనూ లేదు.

కావున తమరు ఆ లేఖను రాతపూర్వకంగా వెనక్కి తీసుకుని, మంగళవారం సభలో స్వయంగా లేచి, నిబంధన తప్పనిసరిగానే ఉండాలని చెప్పవలసిందిగా కోరుతున్నాను. బండిని తిరిగి ఇచ్చేయమని నేను అడగడం లేదు. వాళ్లే పట్టుకుపోతే పట్టుకుపోనివ్వండి. ఉంచితే నేనే కడుగుతాను.

లేనిపక్షంలో రాజీనామా చేస్తానని రాయాలనుకున్నాను. రాశాను కూడా, చించేశాను. నేను పోతే పగటిపూట మిగిలేది ఇద్దరు. కోపం వచ్చినా వెళ్లిపోవడానికి వీల్లేని చోట నన్ను పెట్టిందీ తమరే.

పై అంశాలను ఈసారి కిటికీ వంక చూడకుండా చిత్తగించవలెనని వేడుకుంటూ,

రాజీనామా చేయని కారణాన
ఇంకా తమ విధేయుడు,
ఎమ్మెట్ క్రౌస్

నకలు: కౌన్సిలు సభ్యులు ఏడుగురికి.

తా.క.: చీఫ్, దీన్ని కూడా వాండాయే టైపు చేసింది. నమ్మకద్రోహం అన్న మాట నేను ఏడు చోట్ల రాస్తే ఆరు చోట్ల కొట్టేసింది. ఆ ఒక్కటీ ఎందుకు ఉంచావంటే “అది నాది” అంది.

మంగళవారం ఆరున్నరకు మీ ఇంటి ముందు కారు ఆపుతాను. ఎక్కండి. దారిలో నాతో మాట్లాడనక్కర్లేదు. మీరు రాకపోతే నేనే లేచి చెబుతాను. కాని నేను చెబితే అరుస్తాను, అరిస్తే ఆ అయిదుగురిలో ఇద్దరు జారిపోతారు, నా సంగతి మీకు తెలుసు. మీరు చెబితే ఓటు వేస్తారు. ఈ ఊళ్లో మీ మాట నమ్మనివాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే చీఫ్. మిగతా అందరూ ఇంకా నమ్ముతున్నారు. అందుకే మీరే రావాలి.