చివరి మాట పలకని మనిషికి

లండన్ నగరం లాంబెత్‌లో కాపురముంటున్న నటి ఇసొబెల్ ట్రెంచర్డ్ అను నేను, వయసు అరవై దాటి, ఊపిరితిత్తులు సహకరించకపోయినా బుద్ధి మాత్రం నిలకడగానే ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పట్టలేని విసుగుతో రాయించుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ ఇక చెల్లవు. ఈ చలికాలం గట్టెక్కితే గొప్పేనని డాక్టరు అన్నాడు. అందుకే ఇప్పుడు రాయిస్తున్నాను.

ఒకటి. దీన్ని అమలు జరిపే బాధ్యత మా థియేటర్లో తెరలకు బొమ్మలు వేసే టోబయస్ రడ్‌కు అప్పగిస్తున్నాను. నాకు తెలిసినవాళ్ళలో ఉత్తరం మొదలుపెడితే చివరిదాకా రాసేది ఇతనొక్కడే. రాసేది రెండు ముక్కలే అనుకోండి. అతను నాకు చేసిచ్చిన అట్ట చంద్రుణ్ణి అతనికే తిరిగి ఇస్తున్నాను. అది ఒక పక్కకు వాలి ఉందని ఏళ్ళ తరబడి సణిగాను. వాలినా బాగుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రెండు. నా మేనకోడలు వినిఫ్రెడ్‌కు నా గదుల్లోని సామాను యావత్తూ సర్వహక్కులతో చెందవలెను. కెటిల్ మూత బిగుతుగా ఉంటుంది, గుడ్డతో పట్టుకుని తిప్పాలి. పిల్ల నాటకాల్లో చేరతానంటే చేరనివ్వండి. వాళ్ళ నాన్న అడ్డం వస్తే, నేను చేరిననాడు ఆయన ఎంత రాద్ధాంతం చేశాడో, ఆ తరువాత ఉచిత టికెట్ల కోసం ఎన్ని కబుర్లు పెట్టాడో గుర్తు చేయండి.

మూడు. మిసెస్ డెల్ఫీన్ కార్ట్‌రైట్‌కు నా నిప్పుకోడి ఈకల టోపీ. ఈవిడ మా నాటకాల్లో నాతోపాటు వేసేది. ప్రతిసారీ ఒక్కడుగు ముందుకు జరిగి నా మీద పడాల్సిన వెలుగులో నిలబడేది. అడిగితే "అయ్యో, చూసుకోలేదే ఇసొబెల్" అనేది. నేనేం తక్కువ తినలేదు, టోపీకి ఈకలు పెంచుతూ పోయాను. చివరికి ఆవిడ ముందు నిలబడ్డా జనం వెనక ఈకలనే చూసేవాళ్ళు. ఇప్పుడీవిడ ఆంబ్రోస్ ఫెన్విక్ రాసిన ఉత్తరాలన్నీ పోగుచేసి పుస్తకం వేయిస్తుందట. నా దగ్గరున్నవి ఇమ్మని మనిషిని పంపింది. టోపీ ఇస్తాను. ఉత్తరాలు ఇవ్వను.

నాలుగు. ఈ ఆంబ్రోస్ మా థియేటర్ యజమాని, మా కథానాయకుడు కూడా. పెళ్ళాం లేదు, పట్టింపులు మాత్రం బోలెడు. రిహార్సల్‌లో నాటకపు చివరి వాక్యం పలకకూడదని మా నాటకాలవాళ్ళ నమ్మకం. జనం వచ్చి కూర్చున్న రోజునే పలకాలి, ముందే పలికితే నాటకం మట్టి కొట్టుకుపోతుంది. దాన్ని నేనూ కాదనను. కాని ఈ మహానుభావుడు ఆ నమ్మకాన్ని ఉత్తరాలకు కూడా అంటించాడు. ఊళ్ళు తిరుగుతూ నాకు రాసిన ఏ ఒక్క ఉత్తరానికీ చివరి వాక్యం లేదు.

గ్లాస్గో నుంచి రాశాడు: "నీ దగ్గర వదిలిన పెట్టెలో నా కోట్లున్నాయి, వెంటనే పంపించు. తాళంచెవి జాగ్రత్తగా దాచాను, ఎక్కడంటే". అంతే. మనిషిని పిలిచి తాళం బద్దలుకొట్టించాను. బ్రాడ్‌ఫర్డ్ నుంచి రాశాడు: "ఇక్కడ ఒకటే వాన. చేపముల్లు గొంతులో ఇరుక్కుంది. నువ్వుంటే తిట్టి వీపు మీద చరిచేదానివి. నువ్వు లేని బల్ల దగ్గర కూర్చుని తినడం ఇక నా వల్ల కాదు. అందుకని ఇసొబెల్, నేను నిన్ను". అంతే. కింద సంతకం.

ఏమిటిదని ఎదురుగానే అడిగాను. "ముందే అనేస్తే కలిసిరాదు ఇసొబెల్, నీకు తెలియందేముంది. సమయం వచ్చినప్పుడు నా నోటితో నేనే చెప్తాను కదా" అన్నాడు. ఆ వాక్యం నేనే పూర్తిచేసి, కింద సరేనని కూడా రాసి పంపాను. నా రాతను అడ్డంగా కొట్టేసి, "తొందరపడకు" అని తిప్పి పంపాడు. ఏం మనిషండీ. నేను అతన్ని ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తున్నాను, కాబట్టే ఇంత ఒళ్ళు మండుతోంది.

నేను పోయాక ఈ ఉత్తరాలు డెల్ఫీన్ చేతిలో పడితే, ఆగిపోయిన ప్రతిచోటా తనకు తోచింది పూరిస్తుంది. నా బతుకులో మిగిలిన ఆ ఒక్క మాట ఆవిడ నోట రావడం నాకు ఇష్టం లేదు. అందుచేత ఉత్తరాలన్నీ ఆంబ్రోస్‌కే చెందవలెను, ఒక షరతుపై. అతను నా కుర్చీలో కూర్చుని, రడ్ వింటుండగా, ఒక్కొక్కటీ చివరి వాక్యంతో సహా పైకి చదవాలి. తాళంచెవి సంగతి కూడా. చదవనంటే అన్నిటినీ నా శవపేటికలో పెట్టి మూసేయండి.

ఐదు. ఇంతవరకూ రాసుకున్నాక మా లాయరు గ్రిమ్‌షా గారు కళ్ళజోడు సర్దుకుని, "అమ్మగారూ, ఒక విషయం హెచ్చరించాలి. ఇకమీదట మీరు పెళ్ళి చేసుకుంటే ఈ కాగితం దానంతటదే చెల్లకుండా పోతుంది" అన్నారు. హెచ్చరించక్కర్లేదు, అదే పెద్ద అక్షరాలతో రాయండి అన్నాను. రాశారు: సదరు ఇసొబెల్ ట్రెంచర్డ్ వివాహమాడిన పక్షంలో ఈ వీలునామా రద్దు. దీని నకలు ఒకటి ఈవేళే ఆంబ్రోస్‌కు చేర్చవలెనని కూడా ఆదేశిస్తున్నాను.

ఆంబ్రోస్, ఇంకా ఎదురుచూసే ఓపిక నాకు లేదు. నేను చచ్చాక ఖాళీ గదికి చెప్పుకుంటావో, బతికుండగా వచ్చి నాకు చెప్తావో తేల్చుకో. జనం ఎప్పుడో వచ్చి కూర్చున్నారు. ఆ జనం నేనే. వచ్చేటప్పుడు బూట్లు తుడుచుకుని రా.

1889 నవంబరు 14, లాంబెత్.

(సంతకం) ఇసొబెల్ ట్రెంచర్డ్

ఈ ఆస్తిలో ఏ వాటా లేని సాక్షులు:
మార్తా ఓకిల్, ఇంటి యజమానురాలు
సైలస్ బ్రాంట్, బొగ్గుల వ్యాపారి

*

అడుగున లాయరు రాసినది: పై వీలునామా రద్దయినది. నకలు అందిన మర్నాడే ఫెన్విక్ గారు వానలో తడుస్తూ వచ్చి, బూట్లయినా తుడుచుకోకుండా గుమ్మంలోనే నిలబడి, చెప్పవలసింది పూర్తిగా చెప్పారని సాక్షి మార్తా ఓకిల్ తెలిపారు. వివాహం డిసెంబరు 7న జరిగింది. ముందురోజు చర్చిలో ప్రమాణాలు ఒకసారి పలికి చూసుకుందామని పాదరీగారు అంటే, రిహార్సల్ వద్దని వధువు ఖండితంగా చెప్పారు.

హెచ్. గ్రిమ్‌షా