రెండు సిస్టమ్‌ల లాప్‌టాప్ వద్దు

గర్శకుర్తి,
మంగళవారం.

చిరంజీవి మమతారాణికి బాపు దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నాయినమ్మ మోకాళ్లను పక్కన పెడితే నిజంగానే క్షేమం. నీ ఒంట్లో ఎలా ఉంది? హాస్టల్ కూరల మీద నూనె తేలుతోందన్నావు. పైనూనె వంచేసి తిను, అలిగి కడుపు మాడ్చుకోకు.

ఫోన్ ఉండగా ఈ కాగితం ఎందుకని నవ్వుతావని తెలుసు. ఫోన్‌లో నీ గొంతు వినగానే నా నోరు దారి తప్పుతుంది. అందుకే రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ఇది అందేదాకా లాప్‌టాప్ కొనవద్దని పొద్దున ఫోన్‌లో చెప్పింది కూడా ఇందుకే.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పొడవాటి మెసేజ్ రెండుసార్లు చదివాను. నాయినమ్మ మందులు వేసుకుంటోందా అని అడిగావు. వేసుకోవడం లేదు. ధర్మపురి పోయి గోదావరిలో మునిగితే మోకాళ్లు అవే కుదురుకుంటాయట. ఆ రేవు మెట్లు ఎట్లా దిగుతావే అని అడిగానని రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఆమె కంటే కోడలే నయం, మీ అవ్వకు దగ్గు తగ్గింది. బీడీలు చుట్టడం మానమని నువ్వు చెప్పావని చెబితే, ఆకు కత్తిరిస్తూనే తలూపింది.

ఇక నీ లాప్‌టాప్ సంగతి. నాకు అర్థమైనంత రాస్తాను, తప్పయితే దిద్దు. మీ కాలేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త విండోస్ కావాలి. మన దగ్గర మగ్గం మీద పువ్వులు దించే జకార్డ్ అట్టలకు చిల్లులు కొట్టే లచ్చయ్య సాఫ్ట్‌వేర్ మాత్రం పాత విండోస్‌లో తప్ప తెరుచుకోదు. రెండు విండోస్‌లూ ఒకే లాప్‌టాప్‌లో ఉంటే, నువ్వు గీసిన పువ్వు లచ్చయ్య దగ్గర ఎలా కనబడుతుందో నువ్వే చూసుకుని దిద్దుకోవచ్చు. అంతే కదా?

శనివారం కరీంనగర్ పోయాను. బస్టాండ్ దగ్గర ఓంప్రకాశ్ అని ఒకతను కంప్యూటర్ల దుకాణం నడుపుతున్నాడు. ఓపిక గల మనిషి, నేను రాసుకుపోయిన చీటీ చూసి నవ్వకుండా రెండు లాప్‌టాప్‌లు తీసి నా ముందు పెట్టాడు. ఒకటి కొత్తది, పలుచగా ఉంది. ఇంకోటి ఏదో ఆఫీసులో వాడి వదిలేసింది, ఇటుకంత బరువు. రెండింటినీ తెరిచి చూపించి ఇలా చెప్పాడు.

"గీ కొత్తదాంట్ల పాత విండోస్ ఎక్కది మామా. గా పాతదాంట్ల రెండూ ఎక్కుతయి గని, నీ బిడ్డ కాలేజీ సాఫ్ట్‌వేర్‌ను అది గుంజలేదు. పెద్ద డిజైన్ తెరిస్తే ఆడనే ఆగిపోతది. రెండూ కావాల్నంటే పాతదే గతి, సదువు మంచిగ నడవాల్నంటే కొత్తది. జర సోంచాయించుకో."

ఇంటికి పోయి చెబుతానని బయటికి వచ్చేశాను. అతను చెప్పింది నీకు ఫోన్‌లో చెబితే నువ్వు క్షణం కూడా ఆలోచించలేదు. పాతదే తీసుకుంటాను, కాలేజీ పని నిదానంగా నడిచినా పర్వాలేదు, మన మగ్గానికి నా డిజైన్ సరిగ్గా ఎక్కడం ముఖ్యం అన్నావు. నేను సరే అన్నాను. ఆ సరే అన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మన మగ్గం లేదు బిడ్డా.

పోయిన బతుకమ్మ పండుగ అయిన వారానికే పోయింది. జకార్డ్ అంచు చీరలు ఇక తీసుకోనని షావుకారు అంతకు మూడు నెలల ముందే చెప్పేశాడు. ఆ మూడు నెలలూ మగ్గాన్ని ఊరికే ఉంచాను. షెడ్డు యజమాని జాగా ఖాళీ చేయమన్నాడు. మగ్గం కోసం ఎవరూ రాలేదు, చివరికి పాత ఇనుము కొనేవాళ్లు వచ్చారు. జకార్డ్ పెట్టెను తాళ్లు కట్టి నలుగురు దింపారు. అట్టల దండలు ఎవరికీ అక్కర్లేదంటే ఇంటికి తెచ్చాను, మీ అవ్వ పొయ్యిలోకి వాడుతోంది. నేనిప్పుడు హనుమండ్లు షెడ్డులో కూలికి తెల్ల గుడ్డ నేస్తున్నాను. తెల్ల గుడ్డకు డిజైన్ ఏముంటుంది.

మగ్గం పోయిన రెండో రోజే నీ మోదుగు పువ్వు డిజైన్ వచ్చింది. కాలేజీలో అందరికంటే బాగుందన్నారని సంబరంగా చెప్పావు. ఆ పూట చెప్పబుద్ధి కాలేదు, రేపు చెబుదామనుకున్నాను. మరునాడు నువ్వు మొదటి జానెడు ఎప్పుడు పంపుతావు బాపూ అన్నావు. కొత్త డిజైన్ దిగితే మొదటి జానెడు గుడ్డ కోసి, గీసిన చేతికే ఇవ్వడం మన ఇంటి పద్ధతి కదా. నా పాడు బుద్ధికి ఏం తోచిందో, పెట్టెలో మీ అవ్వ పాత చీర ఉంటే, నేనెప్పుడో నేసిన మోదుగు పువ్వు అంచున్నది, దాని జానెడు కత్తిరించి పంపాను. పువ్వు పువ్వే కదా, పిల్ల ఏం కనిపెడుతుందిలే అనుకున్నాను.

నువ్వు కనిపెట్టావు. రేకుల కొసలు నేను సన్నగా గీస్తే మొద్దుగా వచ్చాయేమిటని అడిగావు. అప్పుడైనా చెప్పాల్సింది. నీ ఫైలు లచ్చయ్య సిస్టమ్‌లో చెదిరిపోతోందట అని రెండో అబద్ధం ఆడాను. లచ్చయ్యకు ఆ ఫైలు నేను పంపనే లేదు. నువ్వు నాలుగుసార్లు దిద్ది పంపావు, నాలుగుసార్లూ ఇంకా కుదరలేదు అన్నాను. రెండు విండోస్‌ల లాప్‌టాప్ కావాలనే ఆలోచన నీకు నా అబద్ధం వల్లే పుట్టింది.

అయినా నోరు విప్పేవాణ్ని కాదేమో. కానీ నీ మెసేజ్ చివర్లో, బాపూ, నాకు ఈ పని రాదేమో, చదువు మానేసి వచ్చెయ్యనా అని రాశావు. అది మీ అవ్వకు చదివి వినిపించాను. చేతిలో ఆకు కింద పెట్టి నా మొహం కేసి చూసింది.

"మగ్గం పోతే పోయింది. పిల్ల చెయ్యి సుత పాడుచేస్తవా?" అంది.

అది అన్నది నిజం. షావుకారును తిట్టుకుంటూ తిరిగాను గానీ, అతను నా మగ్గాన్నే ఆపాడు. నీ చెయ్యి పాడుచేసింది నేను. ముప్పై ఏళ్లు నేసినవాణ్ని, మంచి డిజైన్ నాకు తెలియదా? తెలిసీ, నీతో నాలుగుసార్లు చెరిపించాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆదివారం ఓంప్రకాశ్ దుకాణానికి పోయి కొత్త విండోస్ ఉన్న మంచిది తీసుకో. నీ చదువుకు ఏది కావాలో అది తీసుకో. నా కోసం ఇక ఏ ఫైలూ పంపకు. నన్ను తిట్టాలనిపిస్తే ఫోన్ చేసి తిట్టు, తీస్తాను. చదువు మాత్రం మానకు.

నువ్వు మొదటిసారి పంపిన డిజైన్ ఎక్కడైనా దాచి ఉంటే, అదే మీ టీచరుకు చూపించు. తర్వాత దిద్దినవి పారేయి. రేకుల కొసలు నువ్వు సన్నగానే గీశావు. నీ పువ్వులో ఏ తప్పూ లేదు బిడ్డా, నేసి చూసినవాడే లేడు.

ఇట్లు,
నీకు మొహం చూపించలేని
బాపు