ఎఫ్ వన్ నొక్కితే

పటాన్‌చెరు,
12-7-2001

సలోమీ,

ఇక్కడ అంతా క్షేమమే. ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు, నవ్వుతుంది. ఆఫీసులో ఫోన్ అందరి ముందూ ఉంటుంది కాబట్టి రాస్తున్నాను.

పోయినవారం పత్రికతో వచ్చిన సీడీ పెట్టి, మా కంప్యూటర్లో కొత్త బ్రౌజర్ ఎక్కించాను. అది బాగానే ఉంది. కానీ అప్పటి నుంచి ఎఫ్ వన్ మీట నొక్కితే వచ్చే హెల్ప్‌లో ఎడమపక్క పాఠాల పేర్లు కనిపిస్తున్నాయి, కుడిపక్క పాఠం లేదు, ఉత్త తెలుపు. మూడుసార్లు కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను.

టైపు మిషన్లు తీసేసిన రోజు, నాకు కంప్యూటర్ వచ్చు అని చెప్పి ఉద్యోగం నిలబెట్టుకున్నాను. నేర్చుకున్నదంతా ఆ హెల్ప్‌లోనే. ఎవరైనా ఏదైనా అడిగితే చాయ్ తాగి రమ్మని పంపి, ఆలోగా చదువుకునేవాణ్ణి. నిన్న డిస్పాచ్ లింగం వచ్చి, "సార్, గీ లిస్టు ఊర్లవారీగ ఎట్ల జేయాలె?" అన్నాడు. చాయ్ తాగి రమ్మన్నాను. వచ్చాడు. ఇంకో చాయ్ తాగి రమ్మన్నాను.

"ఏంది సార్, పానం మంచిగ లేదా?" అన్నాడు.

శనివారం నీ కంప్యూటర్ క్లాసులు అయ్యాక సంగారెడ్డిలో బస్సెక్కి భోజనాల వేళకు రా. చేతిలో టిఫిన్ డబ్బా ఉంటే నాకు అన్నం తెచ్చావనుకుంటారు. ఖాళీది తేకు, ఇక్కడ అందరం కలిసి తింటాం, లింగం మూత తీస్తాడు. నిన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నువ్వు లింగం లిస్టు చేస్తుంటే నేనే నీకు నేర్పుతున్నట్టు గట్టిగా మాట్లాడతాను. నవ్వొస్తే ఆపుకో.

చెయ్యి మాత్రం మెల్లగా కదుపు. ఈసారైనా ఒక మనిషి దగ్గర నేర్చుకుంటాను.

మీ మామ