గోళీలు ఆపిన దోస్తు

నస్రుల్లాబాద్

ప్రియమైన దోస్తు ఇమ్మానుయేలుకు,

ఫోన్ చేస్తే మా కోడలు సంజన వింటుందని ఈ చీటీ ప్రకాష్ ఆటోలో పంపుతున్నాను. నాకు గజ్జలో పేగు జారింది. హెర్నియా అట. ధోతి సర్దుకోకుండా నలుగురిలో నిలబడలేకపోతున్నాను. ఈ వయసులో కోడలికి ఏమని చెప్పను? చెరుకు కోతలు మొదలయ్యేలోపు బాన్సువాడలో గుట్టుగా ఆపరేషన్ చేయించుకుందామనుకున్నాను. గుండె జబ్బుందా అని డాక్టర్ అడిగితే లేదన్నాను. గుండె నరంలో వేసిన స్టెంట్ సంగతి చెబితే హైదరాబాద్ పొమ్మంటాడు, ఊరంతా తెలిసిపోతుంది.

నీకూ నాలాగే స్టెంట్ ఉంది. పోయిన ఏడాది నిజామాబాద్‌లో ఇదే ఆపరేషన్ చేయించుకున్నావు. మరి రోజూ మింగే గుండె గోళీలను అప్పుడేం చేశావు? దాచకుండా చెప్పు.

నీ దేవిదాస్

•

బాన్సువాడ

ప్రియమైన దేవిదాసుకు,

ఇంత చిన్నదానికి అంత సిగ్గా? నన్ను చూడు, పెళ్లికొడుకులా నడుచుకుంటూ వెళ్లి వచ్చాను. ఆ గోళీలు నెత్తురును పల్చన చేస్తాయి, కోత పెడితే నెత్తురు ఆగదు. అందుకే నేను వారం ముందే అన్నీ ఆపేశాను. నాకేమీ కాలేదు. నువ్వూ అలాగే చెయ్యి, ఫికర్ పెట్టుకోకు.

ఎప్పటికీ నీవాడు,
ఇమ్మానుయేలు

•

దవాఖాన నుంచి

ప్రియమైన ఇమ్మానుయేలుకు,

నువ్వు రాసినట్టే వారం ముందే గోళీలన్నీ ఆపాను, కానీ ఆపరేషన్ కాలేదు. బల్ల మీద పడుకోబెట్టేసరికి గుండె దడదడా కొట్టుకుంది. ఛాతీ పట్టేసింది, ఒళ్లంతా చెమటలు. మత్తు ఇవ్వకముందే ఆపేశారు. ఆటోలో తీసుకొచ్చిన ప్రకాష్ భయపడి ఇంటికి ఫోన్ చేస్తే, సంజన గోళీల డబ్బా పట్టుకొని ఉరికొచ్చింది. "మామా, పానం కంటే సిగ్గే ఎక్కువైందా నీకు?" అని అందరి ముందే ఏడ్చింది. తల ఎత్తలేకపోయాను.

తర్వాత డాక్టర్ నిదానంగా చెప్పాడు. నెత్తురు పల్చన చేసే గోళీ వేసుకుంటే కోత దగ్గర నెత్తురు ఆగకపోవచ్చు, మానేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టవచ్చు. ఏది ఆపాలో, ఎప్పుడు ఆపాలో గుండె డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలట. గుండె దడను అదుపులో పెట్టే గోళీని మాత్రం ఉన్నట్టుండి మానకూడదట. ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాల్సిందట.

"అన్ని ఆపుమని నీకెవలు చెప్పిండ్రు?" అని అడిగాడు. నీ పేరు చెప్పలేదు. అన్నీ ఆపి ఆపరేషన్ చేయించుకున్న దోస్తు ఒకడున్నాడన్నాను. "నాకైతే నమ్మబుద్ధి అయితలేదు" అన్నాడు. కోపమొచ్చింది నాకు. "నా దోస్తు అబద్ధమాడడు సార్" అని గట్టిగానే అన్నాను.

నీకు పడింది, నాకు పడలేదు, అంతే. నువ్వేం మనసులో పెట్టుకోకు.

నీ దేవిదాస్

•

దవాఖాన వరండా

ప్రియమైన దేవిదాసుకు,

ప్రియమైన అని రాయడానికే చెయ్యి రావడం లేదు. డాక్టర్ మాటే నిజం. నేను ఆపరేషన్ చేయించుకోలేదు. నిజామాబాద్‌లో నర్సు గౌను చేతికిచ్చి అటు తిరగగానే భయపడి బయటపడ్డాను. బిడ్డ వర్ష ఇంట్లో దాక్కొని, అయిపోయిందని అందరికీ చెప్పించాను. నువ్వు బత్తాయిలు తెచ్చి, ఒలిచి చేతిలో పెడితే మంచం మీద పడుకొని సిగ్గులేకుండా తిన్నాను.

గోళీల సంగతి నువ్వడిగినప్పుడు తెలియదంటే నా గుట్టు బయటపడుతుందనుకున్నాను. ఎవరో అంటుండగా విన్న ముక్క రాసేశాను. నా గోళీలు మాత్రం నేను ఒక్క పూట కూడా మానలేదు దేవిదాసూ. నావి మింగుతూనే నిన్ను ఆపమన్నాను.

ఇందాక డాక్టర్ దగ్గరకు వెళ్లి ఆ దోస్తు నేనేనని చెప్పాను. ధోతి కింద ఇంకా కట్టుకుంటున్న హెర్నియా బెల్టు, గోళీల డబ్బా, స్టెంట్ కాగితాలు అన్నీ ముందు పెట్టాను. ఆయన "మీ దోస్తుకు చెప్పినవా?" అని మాత్రం అడిగాడు.

ఈ చీటీ సంజన చేతికిచ్చి బెంచీ మీద కూర్చున్నాను. సంచిలో బత్తాయిలున్నాయి. తిట్టడానికైనా సరే, ఒక్కసారి లోపలికి పిలువు.

నీవాడినని రాసుకునే మొహం లేని,
ఇమ్మానుయేలు